గీసిన ఆకారాలన్నీ ఒకే నీలంలో వస్తున్నాయి: రంగు, అంచు, లోపలి నింపు ఎలా మార్చాలి?

#1 వంకరగీత

నమస్కారం అందరికీ. వెబ్ పేజీలో మ్యాపులు చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ లీఫ్‌లెట్‌తో ఒక మ్యాప్ అప్లికేషన్ చేస్తున్నాను. గీయడానికి లీఫ్‌లెట్ డ్రా ప్లగిన్ తగిలించాను. వాడేవాళ్లు మ్యాప్ మీద పాలిగాన్లు, లైన్లు, సర్కిళ్లు గీస్తారు. ఒక్కో ఆకారం మూడు రకాల్లో ఏదో ఒకటి: అనుమతి ఉన్న ప్రాంతం, పరిశీలనలో ఉన్నది, నిషేధం ఉన్నది. చూడగానే ఏది ఏదో తెలిసిపోవాలి. నాకు మూడు చిక్కులున్నాయి.

ఆప్షన్లలో పాలిగాన్ కింద కలర్ ఎరుపు అని పెట్టినా నీలమే వస్తోంది. కన్సోల్‌లో ఎర్రర్ కూడా లేదు.

ఎడిట్ బటన్ నొక్కగానే అన్నీ గులాబీ రంగు చుక్కల గీతల్లోకి మారిపోతున్నాయి.

ఎలాగో కోడ్‌లో రంగు మార్చి, జియోజేసన్‌గా (మ్యాప్ ఆకారాల్ని దాచే ఫైల్ పద్ధతి) సేవ్ చేసి మళ్లీ తెరిస్తే రంగులు మాయం. సర్కిళ్లయితే ఏకంగా పిన్ గుర్తులైపోతున్నాయి.

డాక్యుమెంటేషన్ చదివాను, కానీ ఏ ఆప్షన్ ఎక్కడ పెట్టాలో అంతుపట్టడం లేదు. కాస్త దారి చూపించండి.

#2 పటకారు

మొదటిది తేలికే. రంగు పాలిగాన్ కింద నేరుగా పెడితే పనిచేయదు. పాలిగాన్ లోపల షేప్‌ఆప్షన్స్ అని ఇంకో ఆబ్జెక్ట్ ఉంటుంది, అందులో పెట్టాలి. వరుస ఇలా ఉండాలి: డ్రా, దాని లోపల పాలిగాన్, దాని లోపల షేప్‌ఆప్షన్స్, దాని లోపల కలర్. మధ్యలో ఒక మెట్టు తప్పినా ప్లగిన్ నోరెత్తదు, గమ్మున తన నీలం తను వేసుకుంటుంది. ఎర్రర్ కనబడకపోవడానికి కారణం అదే.

అందులో ఏమేం పెట్టొచ్చంటే, కలర్ అంటే అంచు గీత రంగు. వెయిట్ దాని మందం, పిక్సెళ్లలో. ఒపాసిటీ అంచు ఎంత చిక్కగా కనబడాలో చెబుతుంది, 0 నుంచి 1 దాకా. ఫిల్‌కలర్, ఫిల్‌ఒపాసిటీ లోపలి నింపుకి. ఫిల్‌కలర్ ఇవ్వకపోతే అంచు రంగే లోపలికీ పాకుతుంది, చాలాసార్లు అది చాలు కూడా.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. లీఫ్‌లెట్ సొంత డీఫాల్ట్‌లు మందం 3, అంచు ఒపాసిటీ 1, లోపలి ఒపాసిటీ 0.2. డ్రా ప్లగిన్‌కి మాత్రం మందం 4, అంచు ఒపాసిటీ 0.5. అంటే ఇప్పుడే చేత్తో గీసిన పాలిగాను, సర్వర్ నుంచి తెచ్చి కోడ్‌తో వేసిన అదే పాలిగాను పక్కపక్కన పెడితే కాస్త తేడాగా కనిపిస్తాయి. ఎందుకలా ఉందో తెలియక బుర్ర బద్దలుకొట్టుకుంటాం. డీఫాల్ట్‌ల మీద ఆధారపడకుండా ఐదింటికీ విలువలు మీరే ఇచ్చేయండి.

రకం ఎంచుకునే డ్రాప్‌డౌన్ మీ పేజీలో ఉంటే, అది మారినప్పుడల్లా డ్రా కంట్రోల్ మీద సెట్‌డ్రాయింగ్‌ఆప్షన్స్ పిలవండి. తర్వాత గీయబోయే ఆకారం కొత్త రంగులో వస్తుంది. రంగు ఒక్కటే పంపితే మిగతావి పాతవే నిలుస్తాయని అనుకోకండి, షేప్‌ఆప్షన్స్ మొత్తం సెట్ పంపండి. ఇప్పటికే గీసేసినవాటికి ఇది వర్తించదు, వాటిని సెట్‌స్టైల్‌తో విడిగా మార్చాలి.

#3 వంకరగీత

అద్భుతం పటకారు గారూ, నిజంగానే ఒక మెట్టు తేడా. ఎరుపు వచ్చింది. ఆ గులాబీ సంగతి?

#4 రేఖాంశం

అది కావాలని పెట్టిందే. ఎడిట్ మోడ్‌లో ఏ ఆకారాలు కదులుతాయో తెలియడానికి ప్లగిన్ వాటికి వేరే వేషం వేస్తుంది. డ్యాష్‌అర్రే (గీత ముక్క ఎంత, మధ్య ఖాళీ ఎంత అన్నది) 10, 10, పైగా ఆ గులాబీ. ఎడిట్ ఆప్షన్లలో సెలెక్టెడ్‌పాత్‌ఆప్షన్స్ అని ఉంటుంది. అందులో మెయింటెయిన్‌కలర్‌ని ట్రూ చేస్తే మీ రంగు మీకే ఉంటుంది, గీత మాత్రం ముక్కలుముక్కలుగా మారుతుంది.

ఆ ముక్కల గీత తీసేయకండి అని నా సలహా. ఎడిట్‌లో ఉన్నామో లేదో తెలియకపోతే వాడేవాళ్లు ఆకారాన్ని పొరపాటున లాగేసి, సేవ్ కొట్టేసి, తర్వాత మీకు ఫోన్ చేస్తారు.

మూలల దగ్గర కనిపించే తెల్ల చతురస్రాలకు పాత్ ఆప్షన్లతో సంబంధం లేదు. అవి విడి ఐకాన్లు, లీఫ్‌లెట్ ఎడిటింగ్ ఐకాన్ అనే సీఎస్ఎస్ క్లాసుతో వస్తాయి. మామూలు తెరల మీద 8 పిక్సెళ్లు, టచ్ తెరల మీద 20. రంగు, గుండ్రదనం సీఎస్ఎస్‌లో మార్చుకోండి. సైజు మాత్రం సీఎస్ఎస్‌లో బలవంతంగా మారిస్తే ఐకాన్ మూల మీద నుంచి పక్కకి జరుగుతుంది, ఎందుకంటే దాన్ని మధ్యకి తెచ్చే మార్జిన్ అసలు సైజుని బట్టి లెక్కేసి ఉంటుంది. సైజు కావాలంటే ఐకాన్ ఆప్షన్ ద్వారానే ఇవ్వండి.

#5 జావాజీవి

మూడోదానికి నేను. రంగులు మాయం కాలేదు బ్రో, అసలు సేవ్ అవ్వలేదు. జియోజేసన్ ప్రమాణం, 2016లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7946, ఆకారం ఎక్కడుంది, దాని లక్షణాలేంటి అన్నంతవరకే చెబుతుంది. ఎలా కనబడాలి అన్నదానికి అందులో చోటే లేదు. అందుకే టూజియోజేసన్ పిలిస్తే బిందువులు మాత్రం బయటికొస్తాయి, స్టైల్ బ్రౌజర్‌లోనే ఉండిపోతుంది.

దారి: గీయడం పూర్తయ్యాక క్రియేటెడ్ ఈవెంట్ వస్తుంది కదా, అక్కడ లేయర్‌కి ఫీచర్ అనే ఆబ్జెక్ట్ తగిలించు. టైప్ ఫీచర్, ప్రాపర్టీస్‌లో నీకు కావలసినవి. టూజియోజేసన్ ఆ ఫీచర్ ఉందేమో చూసి, ఉంటే ఆ ప్రాపర్టీస్ అలాగే తీసుకెళ్తుంది. లేకపోతే ఖాళీ ప్రాపర్టీస్ రాస్తుంది.

సర్కిల్ కథ వేరు. జియోజేసన్‌లో సర్కిల్ అనే ఆకారమే లేదు. కేంద్రం ఒక పాయింట్‌గా మిగులుతుంది, వ్యాసార్థం గాల్లో కలిసిపోతుంది. తిరిగి తెరిచినప్పుడు లీఫ్‌లెట్ పాయింట్‌ని చూసి పిన్ వేస్తుంది. వ్యాసార్థాన్ని కూడా ప్రాపర్టీస్‌లో దాచుకుని, తెరిచేటప్పుడు పాయింట్‌టులేయర్ ఫంక్షన్‌లో దాంతో సర్కిల్ కట్టాలి. వ్యాసార్థం గీసినప్పుడు కాదు, సేవ్ చేసే క్షణంలో గెట్‌రేడియస్‌తో తీసుకో. లేదంటే, మధ్యలో ఎవరైనా సర్కిల్‌ని సాగదీసి ఉంటే పాత కొలత సేవ్ అవుతుంది.

ఇంకోటి, తెరిచిన ఆకారాలని ఎడిట్ చేయాలంటే వాటిని ఒక్కొక్కటిగా డ్రా కంట్రోల్‌కి ఇచ్చిన ఫీచర్‌గ్రూప్‌లోకి వేయాలి. జియోజేసన్ లేయర్ మొత్తాన్ని ఒక మూటలా పడేస్తే ప్లగిన్ లోపలికి చూడదు.

రంగు, మందం, ఒపాసిటీ అన్నీ ప్రాపర్టీస్‌లో రాసేయ్, తెరిచేటప్పుడు స్టైల్ ఫంక్షన్‌లో చదివేయ్. అయిపోయింది.

#6 నేలకొలత

జావాజీవి చెప్పిన చివరి వాక్యం తప్ప మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ చివరి వాక్యం దగ్గరే ఆగండి.

రంగుని ఆకారంతో పాటు దాచొద్దు. ఆకారం రకాన్ని దాచండి. వంకరగీత గారు మొదటి పోస్టులోనే చెప్పారు, అనుమతి, పరిశీలన, నిషేధం అని. ప్రాపర్టీస్‌లో ఉండాల్సింది ఆ మాట ఒక్కటే. ఏ రకానికి ఏ రంగు అన్నది కోడ్‌లో ఒకే ఒక్క పట్టికలో ఉండాలి. స్టైల్ ఫంక్షన్ ఫీచర్‌ని అందుకుంటుంది, రకం చదువుతుంది, పట్టికలోంచి రంగు తీసి ఇస్తుంది.

ఎందుకంటే, డేటాలో రంగులు రాసిన మ్యాపులు నేను చాలా శుభ్రం చేశాను. నాలుగు వేల ఆకారాలున్న ఫైల్, అందులో ఎరుపులే ఏడెనిమిది రకాలు. ఒకరు చిక్కటి ఎరుపు వేశారు, ఇంకొకరు మందారం రంగు, మరొకరు కళ్లతో చూసి దగ్గరగా ఉన్నదేదో ఎంచుకున్నారు. వీటిలో ఏవి నిషేధిత ప్రాంతాలు, ఏవి ఊరికే ఎర్రగా ఉన్నాయి? చెప్పేవాళ్లు లేరు. రంగు మీద ఫిల్టర్ పెట్టి అర్థాన్ని వెతుక్కోవలసి వచ్చింది. అదే రకం అన్న గడి ఒక్కటి ఉంటే ఐదు నిమిషాల పని.

రేపు పైవాళ్లు నిషేధానికి ఎరుపు వద్దు, ఊదా పెట్టమంటారు. పట్టికలో ఒక లైన్ మారుస్తారా, డేటాబేస్ మొత్తం తిరగరాస్తారా?

క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లకి ఇది కొత్త కాదు. అక్కడ లేయర్ ప్రాపర్టీస్‌లో సింబాలజీకి వెళ్లి క్యాటగరైజ్డ్ ఎంచుకుని, కాలమ్ చూపిస్తే చాలు, ఒక్కో విలువకి ఒక్కో గుర్తు. ఆ స్టైల్‌ని క్యూఎంఎల్ ఫైల్‌గా విడిగా సేవ్ చేసుకుంటాం. డేటా ఒకచోట, అలంకరణ ఒకచోట.

#7 జావాజీవి

మాస్టారూ, మీరు చెప్పేది ఆఫీసు మ్యాపులకి. కానీ వాడేవాళ్లే కలర్ పికర్‌తో తమకి నచ్చిన రంగు వేసుకునే అప్లికేషన్లు లేవా? ప్రయాణం ప్లాన్ చేసుకునేవాళ్లకి రకం ఏముంటుంది? వాళ్లకి ఆ గీత పసుపు కావాలి, అంతే. అలాంటప్పుడు రంగే డేటా.

పైగా దానికి అందరూ ఎరిగిన పద్ధతి కూడా ఉంది. మ్యాప్‌బాక్స్ వాళ్ల సింపుల్‌స్టైల్: స్ట్రోక్, స్ట్రోక్-విడ్త్, స్ట్రోక్-ఒపాసిటీ, ఫిల్, ఫిల్-ఒపాసిటీ, మార్కర్-కలర్ అని ప్రాపర్టీస్‌లో రాస్తే జియోజేసన్ డాట్ ఐఓ లాంటివి చదివి అదే రంగులో చూపిస్తాయి. లీఫ్‌లెట్ తనంతట తాను చదవదు కానీ, స్టైల్ ఫంక్షన్‌లో పేర్లు కలపడం ఎంతసేపు.

#8 నేలకొలత

ఒప్పుకుంటాను. వాడేవాడి ఇష్టమే రంగు అయితే అది డేటాయే, దాచాల్సిందే. అప్పుడు సొంత పేర్లు కనిపెట్టకుండా సింపుల్‌స్టైల్ పేర్లే వాడటం మంచిది.

ఈ దారం మొదలుపెట్టినాయన అడిగింది అది కాదు. ఆయనకి మూడు రకాలున్నాయి. రెండూ కావాలంటే వరుస పెట్టుకోవచ్చు: ఫీచర్‌కి సొంత రంగు ఉంటే అది, లేకపోతే రకం చెప్పే రంగు, అదీ లేకపోతే బూడిద. ఆ చివరి బూడిద రంగు మర్చిపోవద్దు. రకం నింపని ఆకారాలు నీలంలో కలిసిపోకుండా కంటికి అడ్డం పడాలి.

#9 వంకరగీత

రకమే సేవ్ చేస్తాను, నిర్ణయం అయిపోయింది. వాడేవాళ్ల చేతికి కలర్ పికర్ ఇస్తే ఏం జరుగుతుందో ఊహించగలను.

ఇప్పుడు ఇంకోటి. పాలిగాన్లు ఒకదాని మీద ఒకటి పడినచోట ముదురుగా మారుతోంది. రెండు పరిశీలన ప్రాంతాలు కలిసిన చోటు నాలుగో రకమేమో అన్నట్టు కనబడుతోంది. నిషేధం కూడా అక్కడ పడితే ఇక చెప్పక్కర్లేదు, బురద.

#10 రేఖాంశం

పారదర్శకమైన పొరలు ఒకదాని మీద ఒకటి పడితే అంతే. 0.4 ఒపాసిటీ ఉన్నవి రెండు కలిస్తే 0.64 అవుతుంది, మూడైతే 0.78 దాటుతుంది. ఫిల్‌ఒపాసిటీ ఎంత తగ్గించినా సమస్య చిన్నదవుతుంది కానీ పోదు.

నేను వాడే చిట్కా: ఒక్కో రకానికి క్రియేట్‌పేన్‌తో ఒక సొంత పేన్ (మ్యాప్ మీద విడి పొర) చేయండి. ఆ రకం పాలిగాన్లన్నీ పేన్ ఆప్షన్‌తో అందులోకి పంపండి, ఫిల్‌ఒపాసిటీ మాత్రం పూర్తిగా 1 ఇవ్వండి. తర్వాత పేన్ ఎలిమెంట్ స్టైల్‌లో ఒపాసిటీ 0.4 పెట్టండి. బ్రౌజర్ ముందు పేన్ లోపలివన్నీ గట్టి రంగులో గీసి, ఆ మొత్తం బొమ్మని ఒకేసారి పలచన చేస్తుంది. ఒకే రకం ఆకారాలు ఎన్ని కలిసినా ఒకే చాయ. వేర్వేరు రకాలు కలిసిన చోట మాత్రమే రంగు కలుస్తుంది, అది మీకు కావలసిందే కదా.

దీనికి రెండు మెలికలు. అంచు గీత కూడా అదే పేన్‌లో ఉంటే అదీ పలచబడుతుంది. అంచు గట్టిగా కావాలంటే ఫిల్ లేని కాపీని పై పేన్‌లో వేయాలి. రెండోది, పేన్ జెడ్‌ఇండెక్స్, అంటే ఏ పొర పైన ఉండాలో చెప్పే అంకె. మామూలు ఆకారాలుండే ఓవర్‌లే పేన్ 400 దగ్గర ఉంటుంది, మార్కర్లు 600, పాపప్‌లు 700. మీవి 400 చుట్టుపక్కల ఉంచండి, నిషేధానిది అన్నిటికంటే పైన. ఇక ఏది ముందు గీశారు, ఏది తర్వాత గీశారు అన్న గొడవ ఉండదు.

#11 చుక్కలగీత

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. పరిశీలన ప్రాంతాలకి ముక్కల గీత పెట్టాను, డ్యాష్‌అర్రే 4, 4 అని. మందం 6. గీత మామూలుగానే, తెగకుండా వస్తోంది. బ్రౌజర్ బగ్గా?

#12 పటకారు

బగ్ కాదు, లైన్‌క్యాప్. లీఫ్‌లెట్‌లో గీత కొనలు డీఫాల్ట్‌గా గుండ్రం. ఆ గుండ్రం టోపీ ప్రతి ముక్కకీ రెండువైపులా మందంలో సగం ముందుకు పొడుచుకొస్తుంది. మీ మందం 6, అంటే అటు 3, ఇటు 3. మధ్య ఖాళీ 4 మాత్రమే. రెండు టోపీలు కలిసి ఖాళీని మింగేశాయి.

లైన్‌క్యాప్‌ని బట్ చేయండి, లేదా ఖాళీని మందం కంటే బాగా ఎక్కువ పెట్టండి. అదే గుండ్రం టోపీతో 1, 12 అని ఇస్తే ముద్దుగా గుండ్రటి చుక్కల గీత వస్తుంది. నడక దారులకి చాలా బాగుంటుంది.

మ్యాప్‌లిబ్రె అనే ఇంకో మ్యాప్ లైబ్రరీకి మారితే ఈ అంకెలు అలాగే ఎత్తుకెళ్లకండి. అక్కడ లైన్-డ్యాష్‌అర్రే కొలత పిక్సెళ్లు కాదు, గీత మందానికి రెట్లు. మందం 3 ఉన్నప్పుడు 2, 2 అంటే 6 పిక్సెళ్ల ముక్క, 6 పిక్సెళ్ల ఖాళీ.

#13 ఉత్తరరేఖ

గూగుల్ మ్యాప్స్ జావాస్క్రిప్ట్ ఏపీఐలో డ్యాష్‌అర్రే లాంటిదే దొరకలేదు. స్ట్రోక్‌కలర్, స్ట్రోక్‌వెయిట్, స్ట్రోక్‌ఒపాసిటీ ఉన్నాయి, అంతే. ముక్కల గీత ఎలా?

#14 పటకారు

అక్కడ చుట్టుదారే. పాలీలైన్ స్ట్రోక్‌ఒపాసిటీని 0 చేసి అసలు గీతని మాయం చేయాలి. ఐకాన్స్ ఆప్షన్‌లో చిన్న నిలువు గీత గుర్తు ఇచ్చి, రిపీట్‌లో 20 పిక్సెళ్లు అని చెబితే దారి పొడుగునా ఆ గుర్తు పరుచుకుంటుంది. ఇది పాలీలైన్‌కే, పాలిగాన్‌కి ఐకాన్స్ లేవు. పాలిగాన్ అంచు ముక్కలుగా కావాలంటే అంచు లేకుండా పాలిగాన్ వేసి, అవే బిందువులతో పైన పాలీలైన్ వేయండి. మొదటి బిందువుని చివర్లో మళ్లీ ఇవ్వాలి, లేకపోతే ఒక భుజం తెరుచుకునే ఉంటుంది.

#15 నేలకొలత

గూగుల్‌లో గీయడానికి డ్రాయింగ్ లైబ్రరీ మీద కొత్తగా ఏమీ కట్టకండి. 2025 ఆగస్టులోనే దాన్ని డిప్రికేట్ చేశారు, అంటే ఇక వాడొద్దని ప్రకటించారు.

#16 కొత్తపొర

నేను ఓపెన్‌లేయర్స్ అనే వేరే మ్యాప్ లైబ్రరీ వాడుతున్నాను. డ్రా ఇంటరాక్షన్‌కి ఆకుపచ్చ స్టైల్ ఇచ్చాను. గీస్తున్నంతసేపూ ఆకుపచ్చగా ఉంటుంది, చివరి క్లిక్ పడగానే నీలం అయిపోతుంది. వంకరగీత గారి చిక్కుకి దగ్గరగా ఉందని ఇక్కడే అడుగుతున్నాను.

#17 రేఖాంశం

ఇంటరాక్షన్‌కి ఇచ్చే స్టైల్ గీస్తున్న చిత్తు బొమ్మకే. గీయడం అయిపోగానే ఆ ఫీచర్ వెక్టర్ సోర్స్‌లోకి దిగిపోతుంది, అక్కడి నుంచి వెక్టర్ లేయర్ స్టైల్‌దే పెత్తనం. లేయర్‌కి కూడా స్టైల్ ఇవ్వండి, వీలైతే ఫంక్షన్‌గా. ఆ ఫంక్షన్‌కి ఫీచర్‌తో పాటు రెజల్యూషన్ కూడా అందుతుంది, జూమ్‌ని బట్టి మందం మార్చుకోవడానికి పనికొస్తుంది. ఒక్క ఫీచర్ మీద సెట్‌స్టైల్ పిలిస్తే మాత్రం అది లేయర్ స్టైల్‌ని కొట్టేస్తుంది.

ఒకే ఫీచర్‌కి స్టైల్‌ల జాబితా కూడా ఇవ్వొచ్చు. కింద మందంగా తెలుపు, పైన సన్నగా రంగు. ఉపగ్రహ చిత్రం మీద గీసే గీతలకి ఇది తప్పనిసరి అంటాను. ఆకుపచ్చ చెట్ల మీద ఆకుపచ్చ గీత ఎంత మందంగా వేసినా కనబడదు. తెల్ల అంచు మీద 2 పిక్సెళ్ల గీతైనా ఎక్కడున్నా కనబడుతుంది. లీఫ్‌లెట్‌లో జాబితా సదుపాయం లేదు, రెండు పాలీలైన్లు వేయాల్సిందే.

#18 జావాజీవి

మ్యాప్‌లిబ్రెలో కూడా రెండు లేయర్లే. ఫిల్ టైప్ లేయర్‌కి ఫిల్-అవుట్‌లైన్-కలర్ ఉంది కదా అని మురిసిపోయి మందం కోసం వెతకొద్దు, ఆ అంచు ఒక పిక్సెల్‌కి మించదు. అదే సోర్స్ మీద లైన్ టైప్ లేయర్ ఇంకోటి వేయాలి. రకాన్ని బట్టి రంగుకి మ్యాచ్ ఎక్స్‌ప్రెషన్, గెట్‌తో రకం చదివి. మాస్టారి పట్టిక అక్కడ ఆ ఎక్స్‌ప్రెషనే అన్నమాట.

#19 వంకరగీత

పేన్ చిట్కా బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ హోవర్‌లో (మౌస్ పైన పెట్టినప్పుడు) అంచు పసుపు కావాలని సెట్‌స్టైల్ పెట్టాను, మందం మారుతోంది, రంగు మారడం లేదు! సెట్‌స్టైల్ పిలుపు వెళ్తోంది, లేయర్ ఆప్షన్లలో పసుపు అనే ఉంది. తెర మీద మాత్రం ఎరుపు.

#20 పటకారు

ఆ ఆకారాలకి క్లాస్‌నేమ్ ఏమైనా ఇచ్చారా? సీఎస్ఎస్‌లో దానికి స్ట్రోక్ రాసి ఉందా?

#21 వంకరగీత

ఉంది. గీత మెల్లగా కదిలే యానిమేషన్ కోసం క్లాస్ ఇచ్చి, అందులోనే స్ట్రోక్ ఎరుపు కూడా రాశాను.

#22 పటకారు

దొరికింది దొంగ. లీఫ్‌లెట్ ఎస్‌వీజీలో (ఆకారాల్ని కోడ్‌గా రాసే బొమ్మ పద్ధతి) గీసేటప్పుడు రంగుని స్ట్రోక్ అనే ఆట్రిబ్యూట్‌గా రాస్తుంది. ఎస్‌వీజీ నియమం ప్రకారం సీఎస్ఎస్ రూల్ ఏదైనా సరే ఆ ఆట్రిబ్యూట్‌ని ఓడిస్తుంది. సెట్‌స్టైల్ ఆట్రిబ్యూట్‌ని బుద్ధిగా పసుపు చేసింది, సీఎస్ఎస్ దాన్ని లెక్కచేయలేదు. ఆ పాత్ మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్టర్‌లో చూస్తే ఆట్రిబ్యూట్‌లో పసుపు, స్టైల్స్ ప్యానెల్‌లో ఎరుపు రెండూ కనిపిస్తాయి.

మందం సీఎస్ఎస్‌లో రాయలేదు కాబట్టి అది మారింది. యానిమేషన్ క్లాస్‌లో ఉంచండి, రంగు మాత్రం అందులోంచి తీసేయండి.

హోవర్ నుంచి వెనక్కి రావడానికి పాత రంగుని ఎక్కడో దాచుకోవద్దు. జియోజేసన్ లేయర్ అయితే రీసెట్‌స్టైల్ ఉంది, కాకపోతే పట్టికలోంచి మళ్లీ తీసి సెట్‌స్టైల్ చేయండి. హోవర్‌లో ఉండగా రకం మారితే దాచుకున్న రంగు పాతదై కూర్చుంటుంది.

#23 నేలకొలత

ఇంతసేపూ ఎలా వేయాలి అన్నదే నడిచింది, ఏ రంగు అన్నది ఎవరూ అడగలేదు. అనుమతికి ఆకుపచ్చ, నిషేధానికి ఎరుపు అనుకుంటున్నారని నా అంచనా.

సుమారు 12 మంది మగవాళ్లలో ఒకరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదని సాధారణంగా చెబుతారు. ఆ రెండు రంగుల పాలిగాన్లు పలచగా పక్కపక్కన పడితే వాళ్లకి రెండూ ఒకే మట్టి రంగు. అనుమతికి నీలం, పరిశీలనకి పసుపు, నిషేధానికి నారింజ-ఎరుపు తీసుకోండి. రంగు మీదే భారం వేయకుండా నిషేధానికి ఏటవాలు గీతల నింపు, పరిశీలనకి ముక్కల అంచు కూడా ఇవ్వండి. నలుపు తెలుపులో ప్రింట్ తీసినా చదవగలగాలి. రంగుల జాబితా కోసం సింథియా బ్రూవర్ చేసిన కలర్‌బ్రూవర్ చూడండి, కలర్ బ్లైండ్ వాళ్లకి ఇబ్బంది లేనివి మాత్రమే చూపించమని అడగొచ్చు.

పక్కపక్క ప్రాంతాలకి ఒకే రంగు రాకూడదు అన్న అవసరం వస్తే రంగుల కోసం దిగులు పడక్కర్లేదు. నాలుగు చాలని 1976లో అపెల్, హాకెన్ కంప్యూటర్ సాయంతో నిరూపించారు. ఒకే ప్రాంతం రెండు ముక్కలుగా విడిపోయి ఉంటే ఆ హామీ వర్తించదు. క్యూజీఐఎస్ ప్రాసెసింగ్‌లో టోపోలాజికల్ కలరింగ్ ఈ పని చేసి పెడుతుంది.

#24 చుక్కలగీత

ఏటవాలు గీతల నింపు లీఫ్‌లెట్‌లో వస్తుందా? ఫిల్‌కలర్‌కి రంగే కదా ఇచ్చేది?

#25 పటకారు

వస్తుంది. లీఫ్‌లెట్ ఆ విలువని చూడకుండా ఎస్‌వీజీ ఫిల్ ఆట్రిబ్యూట్‌లో రాసేస్తుంది. పేజీలో ఎక్కడైనా ఒక చిన్న ఎస్‌వీజీలో ప్యాటర్న్ నిర్వచించి ఐడీ ఇచ్చి, ఫిల్‌కలర్‌లో యూఆర్ఎల్ అని ఆ ఐడీని చూపించండి. ఆ ఎస్‌వీజీని డిస్‌ప్లే నన్‌తో దాచకండి, కొన్ని బ్రౌజర్లలో ప్యాటర్న్ కూడా మాయమవుతుంది. ఎత్తు, వెడల్పు 0 ఇవ్వండి.

ఆకారాలు వేలల్లో ఉండి ప్రిఫర్‌క్యాన్వాస్ ఆన్ చేస్తే మాత్రం ఈ ప్యాటర్న్, క్లాస్‌నేమ్, సీఎస్ఎస్ యానిమేషన్ మూడూ పోతాయి. క్యాన్వాస్‌లో ఒక్కో ఆకారానికి విడి ఎలిమెంట్ ఉండదు, అంతా ఒకే బొమ్మ. నిషేధిత ప్రాంతాలు కొన్నే ఉంటే వాటికి మాత్రం రెండరర్ ఆప్షన్‌లో ఎస్‌వీజీ ఇచ్చి, మిగతావి క్యాన్వాస్‌లో ఉంచొచ్చు.

#26 ఉత్తరరేఖ

రోడ్డు వెడల్పు నిజంగా 10 మీటర్లు ఉంటే గీత కూడా 10 మీటర్లే కనబడాలి. జూమ్ చేస్తే మందం అలాగే పిక్సెళ్లలో ఉండిపోతోంది.

#27 రేఖాంశం

వెయిట్ ఎప్పుడూ పిక్సెళ్లే. జూమ్‌ఎండ్ ఈవెంట్‌లో మీరే లెక్కేసి సెట్‌స్టైల్ చేయాలి. 256 పిక్సెళ్ల టైల్స్‌కి జూమ్ 0 దగ్గర భూమధ్యరేఖ మీద ఒక పిక్సెల్ సుమారు 156543 మీటర్లు, ప్రతి జూమ్‌కీ సగమవుతుంది. జూమ్ 15కి వచ్చేసరికి 4.8 మీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని అక్షాంశం కొసైన్‌తో గుణించి, మీ 10 మీటర్లని ఆ అంకెతో భాగించండి. కనీసం 1 పిక్సెల్ అని అడుగు కట్టండి, లేకపోతే దూరం నుంచి రోడ్లు కనబడవు.

ఆ కొసైన్ వదిలేయకండి. వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌లో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అంతా రెండింతలు సాగుతుంది. ఒకే వ్యాసార్థం ఉన్న రెండు సర్కిళ్లు అందుకే ఉత్తరాన పెద్దగా, భూమధ్యరేఖ దగ్గర చిన్నగా కనిపిస్తాయి. గుర్తుగా మాత్రమే కావాలంటే సర్కిల్‌మార్కర్ వాడండి, దాని వ్యాసార్థం పిక్సెళ్లలో ఉంటుంది.

#28 కొత్తపొర

కేఎంఎల్‌గా (గూగుల్ ఎర్త్ చదివే ఫైల్ రకం) ఎగుమతి చేసేవాళ్లకి ఒక మాట. అందులో రంగు రాసే వరుస తిరగబడి ఉంటుంది: ముందు పారదర్శకత, తర్వాత నీలం, ఆకుపచ్చ, ఎరుపు. వెబ్ రంగు కోడ్‌ని అలాగే పడేస్తే ఎరుపులన్నీ నీలాలవుతాయి. ఆకుపచ్చ మధ్యలో ఉంటుంది కాబట్టి మారదు. ఆకుపచ్చతో టెస్ట్ చేసి బాగానే ఉందనుకుంటే ఇరుక్కుంటారు.

#29 వంకరగీత

అన్నీ పెట్టేశాను. రకం ప్రాపర్టీస్‌లో, రంగులు పట్టికలో, ఒక్కో రకానికి ఒక్కో పేన్, నిషేధానికి ఏటవాలు గీతలు. నీలం-పసుపు-నారింజ మొదట్లో వింతగా ఉంది కానీ ఉపగ్రహ చిత్రం మీద ఆకుపచ్చ కంటే ఎంతో నయం.

చివరి ప్రశ్న. కొన్ని పాలిగాన్లు లోపల పూర్తిగా ఖాళీగా కనబడాలి, కింది చిత్రం చూడటానికి. ఫిల్ ఫాల్స్ చేస్తే అంచు మీద క్లిక్ చేస్తేనే పాపప్ వస్తోంది, లోపల నొక్కితే రావడం లేదు.

#30 చుక్కలగీత

ఇది నాకు తెలుసు! ఫిల్ ట్రూ ఉంచి ఫిల్‌ఒపాసిటీ 0 పెట్టండి. కంటికి ఖాళీ, మౌస్‌కి మాత్రం నిండుగానే ఉంటుంది.

#31 పటకారు

అదే. ఒకటి చూసుకోండి, ఇవి రేఖాంశం గారు చెప్పిన పలచటి పేన్‌లో ఉంటే అంచు కూడా పలచబడుతుంది. వీటిని విడి పేన్‌లో వేసి, జెడ్‌ఇండెక్స్ మిగతావాటి కంటే కింద పెట్టండి, లేకపోతే కనబడని పెద్ద పాలిగాన్ కింద ఉన్న చిన్నవాటి క్లిక్‌లన్నీ మింగేస్తుంది. లెజెండ్ (ఏ రంగు ఏ రకమో చెప్పే సూచిక) చేతితో రాయకుండా అదే పట్టిక మీద లూప్ తిప్పి కట్టండి, రంగు మార్చినప్పుడు అదీ మారుతుంది.